పసిబిడ్డ దగ్గర కర్పూరం, కలరా ఉండలు వద్దు

ప్రశ్న: పురుడికి పుట్టింటికి వచ్చాను, బాబుకి నెలన్నర. జలుబు చేసిందని అమ్మ కొబ్బరినూనెలో హారతి కర్పూరం కరిగించి వాడి ఛాతీకి, వీపుకి రాస్తోంది, ఉయ్యాలకి కూడా కర్పూరం మూటకట్టి వేలాడదీసింది. పక్కలోకి వేసే పాత చీరలు, దుప్పట్లు అన్నీ బీరువాలోంచి తీసినవే, కలరా ఉండల వాసన గుప్పుమంటోంది. వద్దంటే "నిన్నూ ఇలాగే పెంచాను, నీకేమైంది?" అంటోంది. నేనే అనవసరంగా టెన్షన్ పడుతున్నానా? – ఓ తల్లి, తణుకు

జవాబు: అనవసరం కాదమ్మా, రెండూ ఈ రోజే ఆపేయండి.

ముందు కర్పూరం సంగతి. అది ఒంటికి రాస్తే పైపైనే ఉండిపోదు, చర్మంలోంచి లోపలికి వెళ్తుంది. పసివాళ్ల చర్మం పలచన, దాన్ని విరిచేసే శక్తి వాళ్ల కాలేయానికి ఇంకా సరిగా రాదు. ఎక్కువైతే నేరుగా మెదడు మీద పనిచేసి ఫిట్స్ తెప్పిస్తుంది. మింగితే ఇంకా ప్రమాదం, ఒక్క గ్రాముకే చిన్నపిల్లల ప్రాణం పోయిన సందర్భాలు వైద్య పుస్తకాల్లో ఉన్నాయి. అమెరికాలో కర్పూర తైలం అమ్మకాన్ని 1982లో ఆపేయడానికి ఒక ముఖ్య కారణం ఏంటో తెలుసా, ఇళ్లల్లో దాన్ని ఆముదం అనుకుని పిల్లలకి తాగించేస్తున్నారు! మన ఇళ్లల్లో కూడా ఆ సీసా ఈ సీసా పక్కపక్కనే ఉంటాయి కదా. పచ్చకర్పూరమైతే ఫర్వాలేదేమో అనుకోకండి, పసివాళ్లకి అదీ వద్దు. కర్పూరం ఉన్న బామ్‌లు కూడా రెండేళ్లు నిండేదాకా రాయొద్దు, చాలా డబ్బాల మీద ఆ మాట రాసే ఉంటుంది, అక్షరాలు చిన్నవి కాబట్టి మనం చదవం.

ఇక కలరా ఉండలు. నన్నడిగితే మీ ఇంట్లో దీని గురించే ఎక్కువ భయపడాలి. అవి ఎక్కువగా నాఫ్తలీన్‌తో చేసినవి. ఆ ఆవిరి బట్టల్లో ఇంకిపోయి ఉంటుంది, బిడ్డ పీల్చినప్పుడూ, ఆ బట్ట ఒంటికి తగిలినప్పుడూ లోపలికి వెళ్తుంది. ఒంటికి నూనె రాసి ఉంటే మరీ ఎక్కువగా వెళ్తుంది, నాఫ్తలీన్ నూనెలో బాగా కరుగుతుంది కాబట్టి. మనం చేసేదేమో రోజూ నూనె పట్టించి, నలుగు పెట్టి, స్నానం చేయించి, బీరువాలోంచి తీసిన మెత్తటి పాత చీరలో చుట్టడం. ప్రేమగా చేసే పనే, కానీ ఆ చీరలో ఆ వాసన ఉండకూడదు.

కొందరు పిల్లలకి పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువగా ఉంటుంది. అలాంటి బిడ్డకి నాఫ్తలీన్ సోకితే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి, పచ్చకామెర్లు ముదురుతాయి, మరీ ముదిరితే ఆ పసుపు మెదడుకి ఎక్కి శాశ్వతంగా దెబ్బతీస్తుంది. మీ అమ్మగారి ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే ఉంది. ఈ లోపం ఎక్కువగా మగపిల్లల్లో బయటపడుతుంది, తల్లికి ఏ ఇబ్బందీ లేకుండానే ఆమె నుంచి కొడుక్కి రావచ్చు. మీకేం కాలేదు కాబట్టి బాబుకీ ఏం కాదు అనుకోవడానికి లేదు. ఆవిడతో పోట్లాడకండి, ఈ ఒక్క ముక్క నెమ్మదిగా చెప్పండి, మనవడి మీద ఆవిడకి మాత్రం ప్రేమ లేదా!

ఆ బట్టలన్నీ ఉతికి, నాలుగైదు రోజులు ఎండలో గాలికి ఆరేసి, వాసన పూర్తిగా పోయాకే వాడండి, లేకపోతే పక్కన పెట్టేయండి. బిడ్డ బట్టల మధ్య ఎండు వేపాకు పెట్టుకుంటే చాలు. బాబు కళ్లు, ఒళ్లు పచ్చబడినా, ఉచ్చ టీ డికాషన్ రంగులో వచ్చినా, పాలు తాగకుండా మగతగా పడి ఉన్నా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లి కలరా ఉండల సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, వాళ్లంతట వాళ్లకి ఆ అనుమానం రాకపోవచ్చు.

జలుబుకి మందుల షాపులో దొరికే సెలైన్ చుక్కలు ముక్కులో వేసి, మాటిమాటికీ తల్లిపాలు పట్టండి. సాంబ్రాణి పొగ కూడా వద్దు. డొక్కలు ఎగరేస్తున్నా, నిమిషానికి 60 సార్లు, అంతకన్నా ఎక్కువ ఊపిరి తీస్తున్నా, జ్వరం వచ్చినా ఆగకండి.

ప్రశ్న: మా వాడికి పదేళ్లు, సైకిల్ మీంచి పడి మోకాళ్లు గీరుకుంటూనే ఉంటాడు. ఇంట్లో స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, నాన్నగారి కాలం నాటి ఎర్ర మందు సీసా ఉన్నాయి. ఏది మంచిది? – ఓ తండ్రి, కరీంనగర్

జవాబు: మూడూ వద్దండీ. కుళాయి కింద ధారగా నీళ్లు పోసి మట్టి, ఇసుక పోయేదాకా కడగండి, గాయం చుట్టూ సబ్బు రాయండి, శుభ్రమైన గుడ్డతో అద్ది కట్టు కట్టండి. స్పిరిట్, పెరాక్సైడ్ క్రిములతో పాటు కొత్తగా పుట్టే కణాలనీ చంపేస్తాయి. ఆ బుసబుస నురగ చూసి మందు బాగా పనిచేస్తోంది అనుకుంటాం, పుండు మానడం మాత్రం ఆలస్యమవుతుంది. ఎర్ర మందు మెర్క్యురోక్రోమ్ అయితే అందులో పాదరసం ఉంటుంది, వాడకుండా పక్కన పెట్టేయండి. డెట్టాల్ లాంటిది వాడాలనుకుంటే లేబుల్ మీద చెప్పినన్ని నీళ్లు కలపాల్సిందే. కాఫీ పొడి, పసుపు అద్దొద్దు. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించారో చూసుకోండి. కుక్క కరిస్తే మాత్రం సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి, కారం, సున్నం లాంటివేవీ పెట్టకుండా, అదే రోజు రేబిస్ టీకాకి వెళ్లాలి.

ప్రశ్న: బాత్‌రూమ్ మరకలు పోవాలని యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ కలిపి వేస్తే దగ్గు ఆగలేదు, కళ్లు మండాయి. ఎందుకు? – ఓ గృహిణి, హైదరాబాద్

జవాబు: ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, ఊపిరితిత్తులని కాల్చేస్తుంది. తలుపు వేసిన చిన్న బాత్‌రూమ్‌లో అయితే ప్రాణం మీదికే వస్తుంది. ఇంకెప్పుడూ కలపకండి, ఒకటి వేసి బాగా నీళ్లు కొట్టాక వేరే రోజు రెండోది వాడుకోండి. మళ్లీ ఎప్పుడైనా పొరపాటున కలిస్తే శుభ్రం చేయడానికి అక్కడే నిలబడకుండా బయటికి వచ్చేయండి, ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేయండి. యాసిడ్, ఫినాయిల్, కిరోసిన్ కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి పెట్టే అలవాటుంటే ఈ పూటే మానండి, పిల్లలు తాగేది అక్కడే. తాగితే వాంతి చేయించకుండా, ఆ సీసా కూడా పట్టుకుని ఆస్పత్రికి పరుగెత్తండి.