నస్యోఁ: రెండక్షరాలా, మూడా?

సందేహం: మా అమ్మాయి ఇంటర్‌లో రెండో భాషగా ఫ్రెంచి తీసుకుంది. నేషన్, స్టేషన్, యాక్షన్ లాంటి మాటలు ఫ్రెంచిలోనూ అదే స్పెల్లింగుతో ఉన్నాయి. వాటి చివర వచ్చే ‘టి-ఐ-ఓ-ఎన్’ మామూలుగా మాట్లాడేటప్పుడు ఒక అక్షరమట (సిలబుల్), పాత పద్యాల్లో రెండట. ఒకే మాటకు రెండు లెక్కలేమిటి? మన ఛందస్సులో ఇలాంటిది ఉందా?

సమాధానం: రెండు లెక్కలూ సరైనవే. ఆ చివరి భాగాన్ని ఇప్పటి ఫ్రెంచివాళ్లు ‘స్యోఁ’ అంటారు. ఎన్ నకారంగా పలకదు, ఓకారమే ముక్కుతో వస్తుంది. అరసున్న పెట్టింది అందుకే. కాబట్టి న-స్యోఁ రెండు, స్తా-స్యోఁ రెండు, సందేహించడమనే అర్థమున్న ఎ-జి-తా-స్యోఁ నాలుగు. యాక్షన్‌ని తెలుగులో ‘అక్స్యోఁ’ అని రాస్తే క్, స్, య మూడూ ఒకే సంయుక్తాక్షరమైపోతాయి. వాళ్లు మాత్రం అక్-స్యోఁ అని విడదీస్తారు. పంక్తి చివర మాట విరచాల్సి వచ్చినా టి ముందే విరుస్తారు. ‘టి-ఐ’ పైన ఉంచి ‘ఓ-ఎన్’ని కిందికి పంపకూడదు.

అన్నిచోట్లా టి సకారం కాదు. ముందు ఎస్ ఉంటే తకారమే నిలుస్తుంది, క్వశ్చన్ అక్కడ కెస్-త్యోఁ. ఇంకా తమాషా ఏమిటంటే, ‘పోర్షన్స్’ అనే ఒకే స్పెల్లింగు ‘వాటాలు’ అనే అర్థంలో పోర్-స్యోఁ, ‘మోసేవాళ్లం’ అనే అర్థంలో పోర్-త్యోఁ. పద్యంలో తేడా ఇంకా పెరుగుతుంది: నామవాచకం పోర్-సి-ఓఁ అని మూడు, క్రియ రెండే.

ఎందుకంటే, ఆ నామవాచకాలు లాటిన్ నుంచి వచ్చాయి. నా-తి-ఓ-నెమ్ అనే లాటిన్ రూపంలో ఇకారం సొంతంగా ఒక అక్షరం. వాడుకలో అది యకారమై పక్క అచ్చులో కలిసిపోయినా, కవులు పాత లెక్క వదల్లేదు. 17వ శతాబ్దపు ఫ్రెంచి పద్యనాటకాల్లో పంక్తికి 12 అక్షరాలు, ఆరో అక్షరం తర్వాత చిన్న విరామం. అక్కడ న-సి-ఓఁ అని విడదీయకపోతే పంక్తిలో ఒక అక్షరం తగ్గుతుంది. ఈ విడదీతను ‘ద్యేరేజ్’ అంటారు. ఆకాశమనే ‘స్యెల్’ మాత్రం పద్యంలోనూ ఒకటే, దాని లాటిన్ మూలంలో ఈ ఇకారం లేదు. అంటే ఇది కవి ఇష్టం కాదు, మాట పుట్టుకను బట్టి వచ్చిన కట్టుబాటు.

మనకూ ఉంది, మీకు బాగా తెలిసిన చోటే. గాయత్రీ ఛందస్సుకు పాదానికి 8 చొప్పున మూడు పాదాల్లో 24 అక్షరాలు ఉండాలి. తత్-స-వి-తుర్-వ-రే-ణ్యం అని లెక్కపెట్టి చూడండి, ఏడే వస్తాయి. పాఠంలో వరేణ్యం అనే ఉంటుంది, లెక్కలో ‘వరేణియం’ అనుకుంటే ఎనిమిదీ సరిపోతాయి. ఛందశ్శాస్త్రం రాసిన పింగళుడు ‘ఇయాదిపూరణః’ (‘ఇయ’ వంటివాటితో పాదాన్ని పూరించాలి) అని దీనికోసమే సూత్రం చెప్పాడు. ఫ్రెంచి కవులు చేసిందీ సరిగ్గా ఇదే: య్ వెనక దాగిన ఇకారాన్ని లెక్కలోకి తీసుకోవడం.

తెలుగు పద్యంలో ఈ వీలు లేదు. ‘కార్యము’ రాసి ‘కారియము’గా గణం కట్టలేం. సూర్యుడు సూరీడైనట్టు, మార్పు వస్తే రాతలోనే కనిపించాలి.

మీ అమ్మాయిని పాత ఫ్రెంచి పద్యం చదివేటప్పుడు ముందు వేళ్లమీద 12 లెక్కపెట్టమనండి. తగ్గితే, పంక్తిలో ‘స్యోఁ’ ఎక్కడుందో చూసి విడదీస్తే చాలాసార్లు సరిపోతుంది.