లాయరు లేడని మొదటి రోజే చెప్పించు

పర్లాకిమిడి

చిరంజీవికి మావయ్య ఆశీస్సులు.

మీ వీధి కుర్రాణ్ణి ఇక్కడ ఒడిశాలో పోలీసులు అరెస్టు చేసిన సంగతి తెలిసింది. చార్జిషీటు వచ్చాక చూద్దాంలే అని వాళ్లమ్మను కూర్చోబెట్టకు నాన్నా. మేజిస్ట్రేటు ముందు మొదటిసారి నిలబెట్టిన రోజు నుంచే పేదవాడికి ఉచితంగా లాయరునివ్వాలని 1981లో ఖత్రీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ‘లాయరు లేడు, పెట్టుకోలేను, ఒడియా రాదు’ అని మూడు ముక్కలూ చెప్పమను. తలూపి ఊరుకుంటే అర్థమైందనుకుంటారు.

జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి తెల్లకాగితం మీద అర్జీ చాలు. పేరు, స్టేషను, కేసు నంబరు, ఏ జైలు, వాయిదా తేదీ రాయండి. జైల్లో ఉన్నవాడికి ఆదాయం లెక్క చూడరు. ఆడవాళ్లకీ, పిల్లలకీ, ఎస్సీ ఎస్టీలకీ అంతే. ఆదాయం సర్టిఫికెట్టు కోసం తహసీలు ఆఫీసుకి తిప్పేవాళ్ల మాట వినకు. వెళ్లలేకపోతే 15100కి ఫోను చెయ్యి.

అక్కడ కనిపించే పారాలీగల్ వాలంటీరు అర్జీ రాసిపెడతాడు, దారి చూపిస్తాడు, అంతే. వాదించేది లాయరే. తెలుగు వచ్చిన వాలంటీరు కావాలని అడగడానికి మొహమాటపడొద్దు. వకాలతు, అంటే తన తరఫున వాదించమని లాయరుకిచ్చే కాగితం, దాని మీద సంతకం జైలు ద్వారానే చేయించవచ్చు. లీగల్ ఎయిడ్ లాయరు డబ్బడిగినా, వాయిదాలకి రాకపోయినా సంస్థ కార్యదర్శికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, వేరొకర్ని ఇమ్మనండి. యావజ్జీవం పడే కేసైతే పదేళ్ల అనుభవమున్న లాయరుండాలి, కాగితాలు చదువుకోడానికి కనీసం 7 రోజులివ్వాలి. ఇది 2019 అనోఖీలాల్ తీర్పు.

మన సరిహద్దులో అసలు చిక్కు జామీనుదార్ల దగ్గరొస్తుంది. బంధువులు పాతపట్నంలో, ఆస్తి ఆంధ్రాలో. ‘బయటి రాష్ట్రం జామీను చెల్లదు’ అని గుమాస్తా అంటే వెనక్కి రాకండి. వేరే జిల్లావాడనో, ఆస్తి వేరేచోట ఉందనో జామీను కాదనకూడదని 1978లో మోతీరామ్ కేసులోనే తేలింది. ఆ తీర్పు పేరు లాయరుకి చెప్పండి. పట్టా, ఆధారు అసలువి తీసుకెళ్లండి.

రిమాండు పడిన తేదీ కాగితం మీద రాసి పెట్టుకో. చార్జిషీటు 60 రోజుల్లో, పెద్ద నేరమైతే 90 రోజుల్లో వెయ్యకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. గంజాయి 20 కిలోలు దాటిన కేసులో మాత్రం 180. గడువు దాటిన మర్నాడే పిటిషను పడాలి. పిటిషను పడేలోగా చార్జిషీటు వేసేస్తే ఆ హక్కు పోతుంది.

మీ మావయ్య