పికప్‌కి సస్పెన్షన్ మార్చే ముందు బండిని కాటా ఎక్కించండి

పికప్‌కి 2 ఇంచుల లిఫ్ట్ (బండి ఎత్తు పెంచే కిట్) చాలా, 4 ఇంచులది వేయించాలా, షాక్స్ (షాక్ అబ్సార్బర్లు) ఏ రకం మంచివి అని అడిగారు. మీలాగే ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ (రెండు చక్రాలూ దేనికది కదిలేది), వెనక కమాన్ పట్టీలు ఉన్న పికప్పే నాదీ. కిట్లు వెతకడం కాసేపు ఆపి, ముందు బండిని కాటా ఎక్కించండి. ట్యాంకు నిండా డీజిల్, నీళ్లు, సామాను, మనుషులు అన్నీ ఉండాలి. ముందు యాక్సిల్ బరువు, వెనక యాక్సిల్ బరువు విడివిడిగా రాయించుకోండి.

స్ప్రింగ్ ఎంచుకోవాల్సింది ఆ అంకెలతోనే. స్టీల్ బంపర్, వించ్ (ఇరుక్కున్న బండిని లాగే మోటారు చక్రం) కలిస్తే ముందు వైపు 80–100 కిలోలు సులువుగా పెరుగుతాయి. అవి బిగించాక నా బండి ముక్కు కిందికి దిగింది, బ్రేక్ వేస్తే ఇంకా వంగేది. ఆ బరువుకు తగ్గ కాయిల్ స్ప్రింగులు వేశాకే కుదురుకుంది. వెనక కమాన్లు కూడా ఎప్పుడూ మోసే బరువుకే తీసుకోండి. ఎప్పుడో ఒకసారి వేసే లోడు కోసం మరీ గట్టివి వేస్తే, మిగతా రోజుల్లో ఖాళీ బండి గతుకుల మీద మేకపిల్లలా గెంతుతుంది. టైరు నేల వదిలేస్తే గ్రిప్ ఎక్కడిది? వెనక స్ప్రింగులకు తోడుగా పెట్టే గాలి సంచులు (ఎయిర్ బ్యాగులు) అప్పుడప్పుడూ వేసే లోడుకు పనికొస్తాయి గానీ, అవి బరువును చాసిస్ మీద ఒకే చోట మోపుతాయి. డెక్ చివర సామాను దట్టించి, బ్యాగుల్లో గాలి బాగా కొట్టి గతుకుల్లో పరిగెత్తిస్తే క్యాబిన్ వెనక చాసిస్ వంగిపోయిన బండ్లున్నాయి.

లిఫ్ట్ మాత్రం 2 ఇంచుల దగ్గర ఆపేయమంటాను. ముందు భాగం లేచేకొద్దీ సీవీ జాయింట్ల (ముందు చక్రాలకు శక్తిని అందించే, వంగే కీళ్ల) కోణం పెరుగుతుంది, క్యాస్టర్ (స్టీరింగ్‌ను నేరుగా నిలిపే చక్రాల వాలు) తగ్గి స్టీరింగ్ హైవే మీద నిలకడగా ఉండదు. 2 ఇంచులకే చాలా బండ్లకు అప్పర్ కంట్రోల్ ఆర్మ్స్ (చక్రాన్ని పైనుంచి పట్టి ఉంచే చేతులు) మారిస్తే గానీ అలైన్‌మెంట్ సరిగ్గా కుదరదు. 4 అంటే డిఫరెన్షియల్‌ను (ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకు పంచే గేర్ల పెట్టెను) కిందికి దించే బ్రాకెట్లతో మొదలై ఖర్చు ఎక్కడ ఆగుతుందో తెలీదు. పైగా వెనక డిఫరెన్షియల్ నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో లిఫ్ట్ మార్చలేదు, టైర్లే మార్చాలి. 31 నుంచి 33 ఇంచుల టైర్లకు వెళ్లినా అక్కడ దొరికేది 1 ఇంచే. స్ట్రట్ (ముందు స్ప్రింగ్, షాక్ కలిసిన భాగం) మీద పెట్టే స్పేసర్లు చవకే, ఎత్తు వస్తుంది, ట్రావెల్ (చక్రం పైకీ కిందికీ కదిలే దూరం) పెరగదు.

స్ప్రింగులు ఖాయమయ్యాకే షాక్స్ చూడండి, వాటి వాల్వింగ్ (లోపల ఆయిల్ కదలికను అదుపు చేసే అమరిక) ఆ స్ప్రింగులకు సరిపోవాలి. గతుకుల రోడ్డు మీద గంటల తరబడి వేగంగా పోతే లోపలి ఆయిల్ వేడెక్కి షాక్ పట్టు వదిలేస్తుంది. అలాంటి డ్రైవింగ్ మీదైతే మోనోట్యూబ్ (ఒకే గొట్టం ఉండే షాక్) తీసుకోండి, బడ్జెట్ ఉంటే రిమోట్ రిజర్వాయర్ (బయట విడిగా ఉండే డబ్బా) ఉన్నది. రాళ్ల మీద నెమ్మదిగా పాకించేవాళ్లకు అంత వేడి పుట్టదు, మంచి ట్విన్‌ట్యూబ్ (గొట్టంలో గొట్టం ఉండే షాక్) చాలు. ఆ రిజర్వాయర్ డబ్బాలు బయటికి కనిపిస్తే బాగుంటుందనుకుంటే అది వేరే సంగతి!

ఒక్క విషయం మర్చిపోకండి: స్ప్రింగులు మార్చినంత మాత్రాన కంపెనీ ఇచ్చిన మొత్తం బరువు పరిమితి పెరగదు.

బిగించేటప్పుడు దగ్గరుండండి. చక్రాలు పూర్తిగా కిందికి వేలాడినప్పుడు బ్రేక్ హోస్ లాగుతోందేమో చూడండి. రబ్బరు బుష్‌ల బోల్టులను బండి జాకీల మీద ఉండగా చివరిగా బిగించనివ్వకండి. చక్రాలు నేల మీద ఆని బరువు పడ్డాకే బిగించాలి, లేకపోతే రబ్బరు మెలిపడి తొందరగా చిరిగిపోతుంది.