అమెరికా సూట్‌కేసులో శ్రీరంగపట్నం

ప్రశ్న: మాది దేవరకొండ. తాతల నాటి నుంచి మా హాల్లో శ్రీరంగపట్నం కోట బొమ్మ ఒకటి అద్దం కట్టి ఉంది. బురుజు మీద ఇంగ్లీషు జెండా, గోడ బయట ఈస్టిండియా కంపెనీ సిపాయిల గుడారాలు. రాగిరేకు మీద చెక్కి అచ్చు తీసిందట. పెద్దబ్బాయి దాన్ని డల్లాస్ తీసుకెళ్తానంటున్నాడు. చిన్నోడు క్యాలెండర్ మీద వేయిస్తానంటున్నాడు. ఏమైనా కేసవుతుందా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: చిన్నబ్బాయిని నిశ్చింతగా వేయించుకోమనండి. బొమ్మ కింది అంచున సన్నటి అక్షరాల్లో ప్రచురణకర్త పేరు, తేదీ ఉన్నాయేమో చూడండి. బ్రిటన్‌లో 1735లో వచ్చిన చట్టం ప్రకారం అవి రేకు మీద చెక్కాలి. కాపీరైట్ హక్కు మొదట 14 ఏళ్లు, 1767లో దాన్ని 28 చేశారు. ఈ కోట కంపెనీ చేతికి చిక్కి టిప్పు సుల్తాన్ చనిపోయింది 1799 మే 4న. ఆ రోజుల్లో వేసిన బొమ్మయితే గడువు ఎప్పుడో తీరిపోయింది. మన 1957 కాపీరైట్ చట్టం లెక్కన చూసినా చిత్రకారుడు పోయాక 60 ఏళ్లే.

చిక్కంతా పెద్దబ్బాయితోనే. 1972 పురావస్తువుల చట్టంలో నూరేళ్లు దాటిన కళాఖండం పురావస్తువు. దాన్ని దేశం దాటించే అధికారం కేంద్రానికి, కేంద్రం అనుమతించిన సంస్థకే ఉంది. అమ్మడానికి కాదు, మా ఇంటి గోడకే అన్నా కుదరదు. పట్టుబడితే ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, పైగా జరిమానా. ఇంట్లో ఉంచుకోవడం మాత్రం నేరం కాదు. భూమిలో దొరికిన నిధి కాదు కాబట్టి 1878 నిధుల చట్టం గొడవ కూడా లేదు.

అయితే అది నిజంగా అంత పాతదేనా? రేకు మీద తేదీ ఉన్నంత మాత్రాన కాగితం అప్పటిది కానక్కర్లేదు. భూతద్దం పెట్టి చూడండి. గుడారాల నీడలో వరుసలు తీరి, ఒకే ఎడంతో చుక్కలు కనిపిస్తే తర్వాతి కాలంలో ప్రెస్సులో వేసిన నకలు కావచ్చు. బొమ్మ చుట్టూ రేకు నొక్కుకున్న గుంట గీత వేలికి తగిలితే మాత్రం తేలిగ్గా తీసుకోకండి. (ఆ యుద్ధంలో నిజాం సైన్యం కంపెనీ పక్షానే నడిచింది. బొమ్మ మన దాకా రావడం వింతేం కాదు.)

ఫొటోలు తీసి హైదరాబాద్‌లోని కేంద్ర పురావస్తు శాఖ ఆఫీసులో అడగండి. పురావస్తువు కాదని సర్టిఫికెట్ ఇస్తే ఆ కాగితం చేతిలో పెట్టుకుని అబ్బాయి విమానం ఎక్కొచ్చు. ఇవ్వకపోతే మంచి ఫొటో ప్రింటు తీసుకెళ్లడమే. అద్దం విప్పేటప్పుడు వెనకాల అట్ట చింపకండి. ఫ్రేము కట్టిన షాపు చీటీ ఏదైనా అంటి ఉంటే, వయసు తేల్చేటప్పుడు అదీ పనికొస్తుంది.