గొళ్లెం పెట్టిన గదిలోకి కాగితం ఎలా వచ్చింది?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల మొదటి మూడు అధ్యాయాలు చదివాను. కథంతా ఉత్తరాల్లోనే నడపాలన్న ఆలోచన బాగుంది. చిక్కల్లా మూడో ఉత్తరంతోనే. అత్తగారు గదిలో పెట్టి గొళ్లెం వేసిన పిల్ల, తెల్లారేసరికి పన్నెండు పేజీలు రాసి స్నేహితురాలికి పంపేసింది. కాగితం ఎక్కడిది? పోస్టు డబ్బాలో ఎవరు వేశారు? ఈ లెక్క తెలియాలంటే శామ్యూల్ రిచర్డ్‌సన్‌ని చదవాలి. ఇంగ్లీషు నవల ఇంకా తప్పటడుగులు వేస్తున్న రోజుల్లో ఈ పద్ధతిని పట్టుకుని, దాని మంచిచెడ్డలన్నీ తేల్చినవాడాయన.

ఆయన వృత్తి అచ్చుపని. 1689లో డెర్బీషైర్‌లో ఓ వడ్రంగికి పుట్టాడు. 1706లో లండన్‌లో ఒక ప్రెస్సులో ఏడేళ్ల ఒప్పందం మీద పనికి కుదిరాడు. తర్వాత ఫ్లీట్ స్ట్రీట్ పక్కన సాలిస్‌బరీ కోర్టులో సొంత ప్రెస్సు నడిపాడు. పదమూడో ఏటనే ముగ్గురు ఆడపిల్లలకు వాళ్ల ప్రేమలేఖల జవాబులు రాసిపెట్టేవాడట, ఒకరి గుట్టు మరొకరికి పొక్కకుండా. మొదటి నవల మొదలుపెట్టేనాటికి మాత్రం యాభై ఏళ్లు. వయసు దాటిపోతోందన్న నీ బెంగకు ఇదే జవాబు.

1739లో రివింగ్టన్, ఆస్బర్న్ అనే పుస్తక వ్యాపారులు పెద్దగా చదువుకోనివాళ్లకు పనికొచ్చే నమూనా ఉత్తరాలు రాసిమ్మన్నారు. కొలువులో ఉన్న కూతురి మీద యజమాని కన్ను పడిందని తెలిసి తండ్రి రాసే ఉత్తరం అందులో ఒకటి. ఆ అంశం పట్టుకుని, ఎప్పుడో విన్న ఒక పనిపిల్ల కథను కలుపుకుని, నవంబరు 10న మొదలుపెట్టి 1740 జనవరి 10కల్లా ‘పమేలా’ రెండు సంపుటాలూ ముగించాడు.

అందులో నువ్వు ముందుగా చూడాల్సింది కాగితం లెక్క. పమేలాకు పదిహేనేళ్లు. యజమాని ఆమెను పుట్టింటికని బండెక్కించి లింకన్‌షైర్‌లోని మరో ఇంట్లో బంధిస్తాడు. బయలుదేరేముందు గుమాస్తా లాంగ్‌మన్ ఆమెకు నలభైకి పైగా కాగితాలు, డజను కలాలు, చిన్న సీసాడు సిరా ఇచ్చి ఉంటాడు. లాగేసుకుంటారేమోనని పమేలా ఒక కలం ఇక్కడ, ఒకటి అక్కడ దాస్తుంది. పగిలిన పింగాణీ కప్పులో కాస్త సిరా పోసి ఉంచుతుంది. రాసిన కాగితాలను లోపలి పావడాకు కుట్టుకుంటుంది. యజమాని వాటిమీద పడ్డప్పుడు చదివేవాడికి ఊపిరి ఆగడం ఇందుకే. ఉత్తరం కథ చెప్పే సాధనంగానే ఆగిపోలేదు, దొంగిలించదగ్గ వస్తువయింది.

రెండోది, ‘ఈ క్షణంలోనే రాయడం’. ముగిసిపోయిన సంగతిని తీరిగ్గా నెమరేసుకోవడం కాదు, రేపేమవుతుందో తెలియని మనిషి రాసుకోవడం. నీ పిల్ల మొదటి ఉత్తరంలోనే ‘ఆ రోజే నా పతనం మొదలయింది’ అంటోంది. అప్పటికి ఆమెకెలా తెలుసు? కొట్టేయి. అలాగని అతి చేయకు. మనిషి గదిలోకి అడుగుపెడుతుంటే కూడా కలం కదులుతూనే ఉంటే నవ్వులపాలే. 1741లో ఆ కాలపు మరో రచయిత హెన్రీ ఫీల్డింగ్ ‘షమేలా’ అని దీనికి వెక్కిరింత రాసినప్పుడు సరిగ్గా ఇక్కడే పొడిచాడు.

‘పమేలా’లో అసలు లోపం వేరే ఉంది. దాదాపు అన్ని మాటలూ ఆమెవే. తన మంచితనం లోకానికి తెలియాలంటే, నలుగురూ తనను మెచ్చుకున్న మాటలు తనే రాసుకోవాలి. నాలుగోసారికి ఈ పిల్ల గడుసుదేమోనని అనుమానం పుడుతుంది. నీ పిల్లకూ అదే జరుగుతోంది.

దీనికి మందు ‘క్లరిస్సా’లో దొరుకుతుంది. 1747 డిసెంబరు నుంచి ఏడాదిపాటు విడతలుగా వచ్చిన ఏడు సంపుటాలు, 537 ఉత్తరాలు. ప్రధానంగా రెండు జంటలు. క్లరిస్సా తన స్నేహితురాలు అన్నా హౌకు రాస్తుంది, ఆమెను వలలో వేసుకునే లవ్‌లేస్ తన స్నేహితుడు బెల్‌ఫర్డ్‌కు రాస్తాడు. ఒకే సంఘటన రెండు వైపులా చదువుతాం. కోళ్లను చూసుకునే నెపంతో వెళ్లి ఆమె దాచే ఉత్తరాలు ఒక ఎత్తయితే, తర్వాత లవ్‌లేస్ మధ్యలో కాజేసి, మార్చి రాసి పంపేవి మరో ఎత్తు. అన్నా ఉత్తరం అతని చేతికి చిక్కినప్పుడు, తాను పగ తీర్చుకోవలసిన వాక్యాల పక్కన చూపుడువేలి గుర్తులు పెడతాడు. అవి పుస్తకంలో అచ్చయ్యాయి. లవ్‌లేస్ చేసిన అత్యాచారం తర్వాత మతి చెదిరి క్లరిస్సా రాసుకున్న ముక్కల్లో ఒకదాని పంక్తులు పేజీ మీద అడ్డదిడ్డంగా, వాలుగా ఉంటాయి. కంపోజింగ్ చేతితో ఎరిగినవాడికే తట్టే పని అది.

ఇక్కడా ఒకటి బెడిసికొట్టింది. లవ్‌లేస్ గొంతు అంత హుషారుగా కుదరడంతో చాలామంది పాఠకులు అతన్నే ఇష్టపడ్డారు, పెళ్లి చేసి సుఖాంతం చెయ్యమని రచయితకు మొరపెట్టుకున్నారు. ఆయన ముగింపు మార్చలేదు గానీ, 1749 ముద్రణలో అధోజ్ఞాపికలు (ఫుట్‌నోట్లు) చేర్చి అతని దుర్మార్గాన్ని వేలెత్తి చూపాడు. నా దృష్టిలో అది ఓటమి ఒప్పుకోవడమే. నిడివి మాటకొస్తే, రిచర్డ్‌సన్‌ని కథ కోసం చదివితే ఉరేసుకోవాలనిపిస్తుందని, భావం కోసం చదవాలని అన్నది ఆయన్ను అభిమానించిన నిఘంటుకారుడు శామ్యూల్ జాన్సనే. మూడో నవల ‘సర్ చార్లెస్ గ్రాండిసన్’ ఇప్పటికి వదిలెయ్. ఏ తప్పూ చేయని మగాడి గురించి ఏడు సంపుటాలు, నీకు నేర్పేది తక్కువ.

నువ్వు చేయాల్సిన పని చెబుతాను. పెద్ద కాగితం మీద గళ్లు గీసి, ఒక్కో ఉత్తరానికీ ఒక్కో వరస రాసుకో: తేదీ, ఎవరు ఎవరికి, ఏ వేళ ఎక్కడ కూర్చుని, కాగితం ఎలా దొరికింది, ఎవరు మోశారు, ఎన్నో రోజుకు చేరింది, మధ్యలో ఎవరు చదివారు. చివరి గడి ముఖ్యం: రాసేటప్పుడు ఆ మనిషికి తెలియనిది ఏమిటి? ‘క్లరిస్సా’ ఉత్తరాలు జనవరి 10 నుంచి డిసెంబరు 18 దాకా తేదీల వరసలో నడుస్తాయి. అన్ని వందల ఉత్తరాలు కలగాపులగం కాకుండా నిలబెట్టింది ఆ లెక్కే.

ప్రతి ఉత్తరానికీ ‘ఉభయకుశలోపరి’ వద్దు. ఒక్క అత్తగారి ఉత్తరాలకే ఉంచు, కోపంగా ఉన్నప్పుడు ఆవిడ చేత దాన్ని మానిపించు. నీ కథ కాలానికి ఇన్‌లాండ్ లెటరే దిక్కు గనక, ఒకటి కొని నీ చేతిరాతతో నింపి చూడు. పన్నెండు పేజీలు ఎక్కడ పడతాయి? ఆ మూడో ఉత్తరాన్ని అందులో పట్టేంతకు కుదించి, గొళ్లెం తీసే పనిపిల్ల చేత బయటికి పంపించు. ఆ పిల్లకు చదువు వచ్చో రాదో నువ్వే తేల్చుకో. తిరగరాశాక ఆ ఒక్క ఉత్తరమే పంపు, మిగతావి తర్వాత చూద్దాం.