మ్యాపులంటే ఇష్టం, గవర్నమెంట్‌లో ప్రోగ్రామర్‌గా పని దొరుకుతుందా?

ప్రశ్న: నేను కంప్యూటర్ సైన్స్ చదివి వెబ్ డెవలపర్‌గా చేస్తున్నా. మ్యాపులంటే చిన్నప్పట్నుంచీ పిచ్చి. ప్రభుత్వ మ్యాపింగ్ శాఖల్లో, అడ్రస్ డేటాబేస్‌లు చూసే ఆఫీసుల్లో మాలాంటివాళ్లకి పని ఉంటుందా? జాగ్రఫీ డిగ్రీ కావాలా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఉంటుందండీ, బోలెడుంది, కాకపోతే మీరు ఊహించుకునే పని కాకపోవచ్చు. రంగుల మ్యాపులు గీయడం అందులో చిన్న ముక్క, మిగతా రోజంతా అడ్రసులతో కుస్తీయే. ఒకే ఇంటిని పన్నుల శాఖ ఒకలా రాసుకుంటుంది, కరెంటు వాళ్లు ఇంకోలా, పోస్టాఫీసు మరోలా, ఈ మూడూ ఒకటేనని కంప్యూటర్‌కి మీరు చెప్పాలి, ఆ ఇల్లు కూల్చి అపార్ట్‌మెంట్ కడితే పాత రికార్డు ఏం చెయ్యాలో కూడా మీరే ఆలోచించాలి. బ్రిటన్‌లో దీనికోసమే ప్రతి ఆస్తికీ యూపీఆర్ఎన్ అని 12 అంకెల లోపు నంబర్ ఇస్తారు, వీధి పేరు మారినా ఆ నంబర్ మారదు, 2020 నుంచి ఆ నంబర్లూ వాటి లొకేషన్లూ ఎవరైనా ఫ్రీగా వాడుకోవచ్చు. జపాన్‌లో అయితే చాలా వీధులకి అసలు పేర్లే ఉండవు, బ్లాకుల నంబర్లతో అడ్రస్ రాస్తారు, ఇంటి నంబరూ వీధీ ఊరూ అని మూడు కాలమ్స్‌తో టేబుల్ కట్టేద్దామంటే అక్కడ కుదరదు.

అమెరికా సెన్సస్ బ్యూరో వాళ్లు 1990 జనాభా లెక్కల కోసం టైగర్ అనే డేటాబేస్ కట్టారు. అందులో వీధి ముక్క ఈ చివర ఏ నంబర్‌తో మొదలై ఆ చివర ఏ నంబర్‌తో ఆగుతుందో ఉంటుంది. ఆ ముక్క 100 నుంచి 200 దాకా ఉందనుకోండి, 150 నంబర్ ఇల్లు కావాలంటే రెంటికీ సరిగ్గా మధ్యలో పిన్ను పెట్టేస్తారు. తెలివైన పద్ధతే, కానీ ఇళ్లు సమానంగా లేనిచోట పిన్ను వేరేవాళ్ల గేటు ముందు పడుతుంది, ఆ పిన్ను చూసుకుని అంబులెన్స్ వెళ్తే? అందుకే ఇది కొలిచిన పాయింటా, లెక్కగట్టిన పాయింటా అన్నది రికార్డులోనే ఉండాలి. ఆ ఒక్క కాలమ్ కోసం పట్టుబట్టే ప్రోగ్రామర్లే ఈ ఆఫీసులకి కావాలి, నేను గట్టిగా నమ్మేది ఇదే.

ఇక నేర్చుకోవడం సంగతి. ఫ్రేమ్‌వర్కులు తర్వాత, ముందు డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్ బాగా రావాలి, దాని మీద మ్యాపు డేటాని డేటాబేస్‌లో దాచి వెతికే పోస్ట్‌జీఐఎస్, డేటా కళ్లతో చూసుకోడానికి క్యూజీఐఎస్, రెండూ ఫ్రీయే. పైథాన్ ఎలాగూ ఉంటుంది. కోఆర్డినేట్ల గొడవ మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మ్యాపు డేటా రాసే ఫార్మాట్ జియోజేసన్‌లో లాంగిట్యూడ్ (రేఖాంశం) ముందొస్తుంది, చాలాచోట్ల లాటిట్యూడ్ (అక్షాంశం) ముందు రాస్తారు, తిరగబడిందంటే లండన్‌లో ఉండాల్సిన ఇల్లు సొమాలియా పక్కన హిందూ మహాసముద్రంలో తేలుతుంది. ఒక డిగ్రీ లాటిట్యూడ్ అంటే సుమారు 111 కిలోమీటర్లు, దశాంశం తర్వాత ఆరో అంకెకే 11 సెంటీమీటర్లకి వచ్చేస్తాం, కాబట్టి ఫోన్ ఇచ్చిన లొకేషన్‌ని పన్నెండు అంకెలు దాచుకున్నా ఉపయోగం లేదు.

డిగ్రీ విషయం పోస్టుని బట్టి ఉంటుంది. సర్వేయర్, కార్టోగ్రాఫర్ పోస్టులకి ఆ చదువే అడుగుతారు, డేటాబేస్, సాఫ్ట్‌వేర్ పోస్టులకి చాలాచోట్ల మీ డిగ్రీ సరిపోతుంది, నోటిఫికేషన్‌లో అర్హతలు చూసుకోండి. ఈ పని చాలావరకు కాంట్రాక్ట్ కంపెనీల ద్వారా కూడా జరుగుతుంది, అటు కూడా వెతకండి. అప్లై చేసేముందు ఓపెన్ అడ్రస్ డేటా రెండు లిస్టులు తీసుకుని మ్యాచ్ చేసే ప్రోగ్రామ్ రాయండి, ఎన్ని కలిశాయో కాదు, ఎన్ని తప్పుగా కలిశాయో లెక్కేసి చూపించండి.

ప్రశ్న: ఏఐ వచ్చేసింది కదా, ఇంకా ఈ ఉద్యోగాలు ఉంటాయా?
- ఒక విద్యార్థి

జవాబు: శాటిలైట్ ఫొటోల్లోంచి బిల్డింగుల ఆకారాలు తీయడం ఏఐ బాగానే చేస్తోంది, గూగుల్, మైక్రోసాఫ్ట్ అలాంటి డేటా ఓపెన్‌గా పెట్టాయి కూడా. కానీ పైకప్పు చూసి లోపల ఎన్ని కుటుంబాలున్నాయో, తలుపు మీద ఏ నంబరుందో తెలీదు కదా. ఆ నంబర్ ఇచ్చేది స్థానిక సంస్థ, ఆ నిర్ణయాన్ని పాత రికార్డులు చెడకుండా డేటాబేస్‌లోకి ఎక్కించే పని మనుషులకి ఇంకా చాలానే ఉంది.