మ్యాప్ కదలడం లేదని ఈఎంఐ పెట్టుకోవాలా?

ప్రశ్న: ఉప్పల్‌లో ఉంటాను. ఇంటి నుంచే మ్యాపులు గీసే పనులు చేస్తూ నెలకు సుమారు రూ.28,000 సంపాదిస్తున్నాను. నాది 4 జీబీ ర్యామ్, పాత హార్డ్‌డిస్క్ ఉన్న చిన్న లినక్స్ లాప్‌టాప్. మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో పెద్ద ఫైల్ తెరిస్తే బిగుసుకుపోతోంది. రూ.72,000 లాప్‌టాప్‌ను ఏడాది నో కాస్ట్ ఈఎంఐలో తీసుకోవచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దండి. నెలకు రూ.6,000 అంటే మీ ఆదాయంలో ఐదో వంతు పైనే. మీకేమో డబ్బులు ఒకటో తారీఖున వచ్చేవి కావు. పైగా నో కాస్ట్ అన్నా, బ్యాంకు లెక్కలో వడ్డీ ఉంటుంది. దాని మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, చాలా కార్డులకు ప్రాసెసింగ్ ఫీజు అదనం.

ముందు జబ్బు ఎక్కడుందో చూడండి. సిస్టమ్ మానిటర్ తెరిచి పెట్టుకుని మ్యాప్‌ను అటూ ఇటూ జరపండి. మెమరీ నిండిపోయి స్వాప్ (ర్యామ్ చాలక డిస్క్‌లో వాడుకునే చోటు) పెరుగుతుంటే ర్యామ్ చాలడం లేదన్నమాట. మెమరీ ఖాళీగానే ఉన్నా నెమ్మదిగా ఉంటే, తప్పు చాలావరకు ఫైళ్లదే. షేప్‌ఫైల్‌కు (మ్యాప్‌లోని గీతలు, హద్దులు ఉండే ఫైల్) స్పేషియల్ ఇండెక్స్, అంటే ఏది ఎక్కడుందో చెప్పే సూచిక, లేకపోతే, మీరు ఒక్క వీధి చూస్తున్నా సాఫ్ట్‌వేర్ ఊరంతా వెతుకుతుంది. లేయర్ ప్రాపర్టీస్‌లో, సోర్స్ దగ్గర ఒక్క బటన్ నొక్కితే ఇండెక్స్ తయారవుతుంది. పెద్ద శాటిలైట్ చిత్రాలకు పిరమిడ్లు, అంటే దూరం నుంచి చూసేందుకు తక్కువ వివరాలున్న చిన్న కాపీలు, కట్టండి. ప్లాట్ల హద్దులు దగ్గరికి జూమ్ చేసినప్పుడే కనిపించేలా స్కేల్ పెట్టండి. మీ పని ఒక్క వార్డులోనే అయితే ఆ ముక్క వరకే క్లిప్ చేసుకోండి, నగరం మొత్తం మోయడం దేనికి? పక్కన బ్రౌజర్‌లో ట్యాబులు వరసగా తెరిచి ఉంటే అవీ మూసేయండి. వీటికి పైసా ఖర్చు లేదు.

అప్పటికీ తీరకపోతే కంప్యూటర్ షాపులుండే సికింద్రాబాద్ సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్) వెళ్లి, ఎస్‌ఎస్‌డీకి (హార్డ్‌డిస్క్ కన్నా వేగమైన డిస్క్), అదనపు ర్యామ్‌కు రెండు మూడు షాపుల్లో రేటు అడగండి. కొన్ని చిన్న లాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, మార్చడం కుదరదు. అది చూపించుకున్నాకే బేరం మొదలుపెట్టండి. డిస్క్ మార్చేముందు క్లయింట్ల ఫైళ్లు వేరేచోట కాపీ చేసుకోవాలి. మొత్తం ఖర్చు ఒక్క ఈఎంఐ అంత, అంటే రూ.6,000 దాటేలా ఉంటే పాత మెషీన్ మీద పెట్టకండి.

ఈలోగా అదే రూ.6,000 నెలనెలా రికరింగ్ డిపాజిట్ (ఆర్డీ)లో వేయండి. ఏ నెలలో పేమెంట్ ఆలస్యమైనా ఆర్డీకి కట్టడం ఆగిందని మీ క్రెడిట్ స్కోరు పడిపోదు.

ఒక్క సందర్భంలో నా మాట మారుతుంది. లాప్‌టాప్ నెమ్మది వల్ల వదులుకుంటున్న పని నెలకు రూ.6,000 కన్నా ఎక్కువని మీ లెక్కలో తేలితే, కొత్తది కొనండి. కానీ ఆ పని ఇచ్చేవాళ్ల దగ్గర ముందే కొంత అడ్వాన్స్ తీసుకుని, ఈఎంఐ మొత్తాన్ని ఆ మేరకు తగ్గించుకోండి.